రెండు ముహూర్తాలను కూడగలమా?

ప్రశ్న

గురువుగారికి నమస్కారం. మాది హనుమకొండ. మడికొండ దగ్గర ఒక చిన్న సంస్థలో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. వ్యవసాయ మోటార్ల స్టార్టర్ డబ్బాలో అమర్చే బోర్డులు తయారుచేస్తాం. వాటిలో 32 బిట్ల ఆర్మ్ చిప్పు, దాని మీద లినక్స్ ఉంటాయి. హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రామ్‌లు, అంటే డ్రైవర్లు, సి భాషలో ఉన్నాయి. వాటి బాధ్యత నాది.

ఈ ఏడాది రెండు తప్పులు బయటపడ్డాయి. నీటిమట్టం చూసే సెన్సరును రీసెట్ చేశాక 15 మిల్లీసెకన్లు ఆగాలి. నేను వాడిన ఫంక్షన్ మైక్రోసెకన్లు తీసుకుంటుంది. అది గమనించకుండా 15 అని ఇచ్చాను. ఆఫీసు బల్ల మీద బాగానే నడిచింది కానీ పొలంలో అప్పుడప్పుడు సున్నా చూపించింది. ఇది మొదటి తప్పు. మోటారు ఆగాక ఐదు నిమిషాలు, ఆపైన ఒక్కో బోర్డుకు ఒక్కో రకంగా మరికొన్ని సెకన్లు గడిచేదాకా మళ్లీ తిరగకూడదని నియమం పెట్టాం. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక ఆ ఐదు నిమిషాలూ ఆగకుండానే మోటార్లు తిరిగాయి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద మా బోర్డులు పదకొండు ఉన్నాయి. అన్నీ దాదాపు ఒకేసారి లేచాయి. ఫ్యూజులు కాలిపోయాయి. ఇది రెండో తప్పు.

కొత్త డ్రైవర్‌ను రస్ట్ అనే భాషలో రాయమన్నారు. సమయం కోసం విడిగా టైపులు, అంటే విలువల రకాలు, చేద్దామని నేను అన్నాను. మా సీనియర్ సార్ ఒప్పుకోలేదు. "సమయమంటే ఒక అంకె. 64 బిట్ల అంకె చాలు. వేరియబుల్ పేరు చివర మిల్లీసెకన్లకు ఎమ్‌ఎస్ అనో, మైక్రోసెకన్లకు యూఎస్ అనో రాసుకో, సరిపోతుంది" అన్నారు. ఆయనకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. నేను అతిగా ఆలోచిస్తున్నానా? టైపులే చేయాలంటే ఎన్ని చేయాలి, ఎలా చేయాలి?

ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం

అమ్మా, మీరు అతిగా ఆలోచించడం లేదు. మీ సీనియర్ గారి మాటలోనూ కొంత నిజముంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీ రెండు తప్పులనూ విడివిడిగా చూడాలి. రెండూ సమయానికి సంబంధించినవే అయినా వాటి పుట్టుక వేరు. మొదటిదానిలో అంకె ఉంది, కొలత లేదు. రెండోదానిలో కొలత సరిగ్గానే ఉంది, ఏ గడియారం చూసి కొలిచారన్నదే తప్పింది. పేరు చివర ఎమ్‌ఎస్ అని రాసి ఉంటే మొదటి తప్పు మీ కంటికి కనిపించి ఉండేదేమో. రెండోది మాత్రం ఎన్ని అక్షరాలు తగిలించినా కనిపించేది కాదు.

మన ఇళ్లలో పెళ్లి మాటలు గుర్తుచేసుకోండి. ముహూర్తం ఫలానా రోజు ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు అంటారు. అది ఒక క్షణం. ముహూర్తానికి ఇంకా నలభై రోజుల గడువుంది అంటారు. అది వ్యవధి. అక్క పెళ్లి ముహూర్తానికీ తమ్ముడి పెళ్లి ముహూర్తానికీ తేడా తీస్తే మధ్యలో ఎన్ని రోజులున్నాయో తెలుస్తుంది. ముహూర్తానికి పదహారు రోజులు కలిపితే పదహారు రోజుల పండుగ ఏనాడో తెలుస్తుంది. మరి రెండు ముహూర్తాలను కూడితే ఏమొస్తుంది? ఏమీ రాదు. పంచాంగం పట్టుకున్న ఏ పంతులుగారూ ఆ లెక్క చేయరు. 64 బిట్ల అంకెకు ఆ ఇంగితం లేదు. కూడమంటే కూడుతుంది, వచ్చినదాన్ని మీ చేతిలో పెడుతుంది. ఆ ఇంగితాన్ని, కోడును చిప్పు భాషలోకి మార్చే కంపైలర్‌కు నేర్పడమే టైపులు చేయడమంటే.

కాబట్టి మీకు మొదట కావలసినవి రెండే టైపులు: క్షణం, వ్యవధి. క్షణంలోంచి క్షణం తీస్తే వ్యవధి రావాలి. క్షణానికి వ్యవధి కలిపితే క్షణం రావాలి. వ్యవధిని వ్యవధితో కూడవచ్చు, రెండింతలు చేయవచ్చు, సగం చేయవచ్చు. క్షణానికి క్షణం కూడటం, క్షణాన్ని రెట్టింపు చేయడం అనే పనులు అసలు రాయనే రాయకండి. రాయని పనిని ఎవరైనా వాడబోతే ప్రోగ్రామ్ కంపైలే కాదు. రస్ట్‌లో ఇది తేలిక. 64 బిట్ల అంకె ఒక్కటి లోపల ఉన్న చిన్న స్ట్రక్ట్ చేసి, ఆ అంకెను బయటికి కనిపించకుండా దాచి, ఏ కూడికలు, తీసివేతలు సమ్మతమో అవే రాస్తే చాలు. లినక్స్ కెర్నల్‌లో, అంటే యంత్రాన్ని నేరుగా నడిపే దాని మూలభాగంలో, రస్ట్ 2022 డిసెంబరులో, 6.1 వెర్షన్‌తో అడుగుపెట్టింది. అందులోని సమయపు లైబ్రరీ ఇప్పుడు సరిగ్గా ఈ పద్ధతిలోనే ఉంది. అక్కడ క్షణాన్ని ఇన్‌స్టంట్ అంటారు, వ్యవధిని డెల్టా అంటారు. మీ కెర్నల్ వెర్షన్‌లో అవి ఉంటే సొంతవి చేయకండి, వాటినే వాడండి. లేకపోతే అదే పేర్లతో, అదే అర్థంతో మీ దగ్గర చేసుకోండి. రేపు కెర్నల్ మార్చినప్పుడు మీ ఫైలు తీసేస్తే సరిపోవాలి.

ఇక రెండో తప్పు. నా దృష్టిలో అసలు సంగతంతా ఇక్కడే ఉంది.

ముహూర్తం అనగానే పెద్దలు ఇంకో ప్రశ్న వేస్తారు: ఏ ఊరి సూర్యోదయంతో గుణించారు? విజయవాడ సూర్యోదయంతో వేసిన ఘడియలు హనుమకొండకు కొన్ని నిమిషాలు తేడా వస్తాయి. మన గోడ గడియారం చూపే భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది. మనం దానికి దాదాపు మూడు డిగ్రీలు పడమరగా ఉన్నాం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇక్కడి సూర్యుడు గోడ గడియారం కంటే సుమారు పన్నెండు నిమిషాలు వెనక ఉంటాడు. ఏ లెక్క ఆ లెక్కలో సరైనదే. ఒక క్షణాన్ని ఒక లెక్కలోంచీ, ఇంకో క్షణాన్ని ఇంకో లెక్కలోంచీ తీసుకుని వాటి తేడా తీస్తేనే చిక్కు.

కెర్నల్‌లో ఇలాంటి లెక్కలు కనీసం మూడు మీకు తారసపడతాయి. రియల్‌టైమ్ గడియారం లోకం చూసే తేదీ, వేళ చెబుతుంది. దాన్ని ఎవరైనా మార్చవచ్చు, అది ముందుకైనా వెనక్కైనా దూకవచ్చు. మోనోటోనిక్ గడియారం బోర్డు లేచినప్పటి నుంచి ముందుకే నడుస్తుంది, ఎప్పుడూ వెనక్కి రాదు. అయితే బోర్డు సస్పెండ్‌లో నిద్రపోయిన కాలాన్ని అది లెక్కించదు. బూట్‌టైమ్ గడియారం మోనోటోనిక్ లాంటిదే, కాకపోతే నిద్రపోయిన కాలాన్ని కూడా కలుపుకుంటుంది.

మీ బోర్డులో ఏం జరిగిందో మీ ఉత్తరం చదవగానే అర్థమైంది. సమయం నిలుపుకునే చిన్న బ్యాటరీ దానిలో ఉండదు కదా. అలాంటి బోర్డు లేవగానే రియల్‌టైమ్ గడియారాన్ని కెర్నల్ 1970 జనవరి 1 నుంచి మొదలుపెడుతుంది. మోటారు ఆగిన వేళ 1970 అని రాసుకున్నారు. కొద్దిసేపటికి మొబైల్ నెట్‌వర్క్ దొరికింది, గడియారం ఈనాటి తేదీకి దూకింది. ఇప్పటి వేళలోంచి ఆగిన వేళ తీస్తే యాభై ఏళ్లకు పైగా వచ్చింది. ఐదు నిమిషాలకు ఇంకేం అడ్డు? బోర్డుకు కొన్ని సెకన్ల తేడా పెట్టిన మీ మంచి ఆలోచన కూడా దానితోపాటే కొట్టుకుపోయింది. నేరుగా లైనుకు కలిపే ఇండక్షన్ మోటారు లేచేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. పదకొండు మోటార్లు ఒక్కసారి లేస్తే ఫ్యూజులు పోవడమే నయం. ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఉంటే అది బాగై వచ్చేదాకా పొలాలు ఎండేవి. గడియారం రెండు గంటలు వెనక్కి జరిగి ఉంటే ఇదే ప్రోగ్రామ్ మోటారును రెండు గంటల ఐదు నిమిషాలు ఆపి ఉంచేది. అప్పుడు రైతు మీ డబ్బా విప్పి, తీగలు నేరుగా కలుపుకునేవాడు. అది ఇంకా ప్రమాదం.

అందుకే క్షణం అనే టైపు మీద దాని గడియారం పేరు కూడా ముద్ర వేసి ఉండాలి. మోనోటోనిక్ క్షణం ఒక టైపు, రియల్‌టైమ్ క్షణం ఇంకో టైపు. రెంటికీ తేడా తీయబోతే కంపైలర్ ఒప్పుకోకూడదు. కెర్నల్ ఇన్‌స్టంట్‌లో ఈ ముద్ర ఉంది. గడియారాన్ని టైపు పరామితిగా తీసుకుంటుంది, నడిచేటప్పుడు దానికి ఒక్క బైటు కూడా పట్టదు. వ్యవధికి మాత్రం ముద్ర అక్కర్లేదు. ఐదు నిమిషాలు ఏ గడియారంలో కొలిచినా ఐదు నిమిషాలే.

ఇంతవరకూ చేశాక ఒక నిర్ణయం మీదే అవుతుంది, అది టైపులు చేసిపెట్టేది కాదు. మోటారు విరామానికి ఏ గడియారం? చాలామంది ఆలోచించకుండా మోనోటోనిక్ అంటారు. నేనైతే బూట్‌టైమ్ వాడతాను. మోటారు చుట్ట చల్లబడటానికి బోర్డు మేలుకుని ఉండనవసరం లేదు కదా. విద్యుత్తు ఆదాకు రేపెప్పుడైనా మీరు బోర్డును సస్పెండ్ చేయడం మొదలుపెడితే, ఆ నిద్రలో గడిచిన నాలుగు నిమిషాలనూ లెక్కించాల్సిందే. ఈ నిర్ణయాన్ని ఒకేచోట, ఒకే వరుసలో రాయండి: విరామపు గడియారం అంటే బూట్‌టైమ్ అని. మిగతా కోడంతా ఆ పేరునే వాడాలి. అప్పుడు విరామం లెక్కకు ఎవరైనా రియల్‌టైమ్ క్షణాన్ని ఇవ్వబోతే కంపైలర్ తిప్పికొడుతుంది.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. మోనోటోనిక్ అయినా, బూట్‌టైమ్ అయినా, వాటి క్షణాలకు ఆ ఒక్క బూటింగ్ లోపలే అర్థం. కరెంటు పోయి వస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. మోటారు ఆగిన క్షణాన్ని కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీలో దాచి, మళ్లీ లేచాక చదివి పోల్చడమంటే పోయిన ఏటి పంచాంగంతో ఈ ఏటి లగ్నం పెట్టడమే. కాబట్టి మీ క్షణం టైపుకు ఫైలులోకి రాసే దారి, అందులోంచి చదివే దారి రెండూ ఇవ్వకండి. బోర్డు లేచిన క్షణాన్నే మోటారు ఆగిన క్షణంగా తీసుకుని, అక్కడి నుంచి పూర్తి ఐదు నిమిషాలు ఆగండి. రైతు అప్పుడప్పుడు కొన్ని నిమిషాలు ఎక్కువ వేచి ఉంటాడు, అంతే. ఆ పక్కకు తప్పితే నష్టం లేదు.

నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట, ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి దాచే ఒక శీతల గిడ్డంగికి నియంత్రణ ప్రోగ్రామ్ రాశాను. లినక్స్ కాదు, చిన్న చిప్పు. మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్ ఒకటి ఉండేది. కంప్రెసర్ ఆగాక కనీసం మూడు నిమిషాలు మళ్లీ లేవకూడదు. ఆగిన వేళకు మూడు నిమిషాలు కలిపి గడువు అని రాసుకుని, ఇప్పటి వేళ ఆ గడువును దాటిందా అని చూశాను. అంతకంటే తేలికైన లెక్క ఉంటుందా అనుకున్నాను. 32 బిట్ల మిల్లీసెకన్లు 49.7 రోజులకు నిండి సున్నాకు వస్తాయి. అప్పటిదాకా కరెంటు పోయినప్పుడల్లా బోర్డు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టేది కనుక ఎన్నడూ అన్ని రోజులు నడవలేదు. యజమాని మంచి మనసుతో బోర్డుకు బ్యాటరీ పెట్టించాడు. యాభయ్యో రోజు తెల్లవారుజామున కంప్రెసర్ ఆగింది. లోపల చలి సరిపడా ఉంది, మళ్లీ తిప్పాల్సిన అవసరం రాలేదు. ఆ విరామంలోనే కౌంటర్ నిండి సున్నాకు పోయింది. తర్వాత వేడి పెరిగి కంప్రెసర్‌ను లేపబోతే, గడువు నాలుగు వందల కోట్ల పైన, ఇప్పటి వేళ కొన్ని వేలు. ఇంకో 49 రోజులు ఆగమని నా ప్రోగ్రామ్ చెప్పింది. కాపలా ఉన్న పెద్దాయన గోడ మీద చెయ్యి పెట్టి చూసి, చలి తగ్గిందని గుర్తుపట్టబట్టి సరుకు దక్కింది. ఆ మిర్చి ఎన్ని కుటుంబాల ఏడాది కష్టమో నాకు తెలుసు. ఆ రోజు నుంచి నేను సమయాన్ని వట్టి అంకెగా రాయలేదు.

ఇలాంటి తప్పు నా ఒక్కడిదే కాదు. 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, బోయింగ్ 787 విమానాల గురించి ఒక ఆదేశం ఇచ్చింది. జనరేటర్ల నియంత్రణ యూనిట్లు 248 రోజులు ఆపకుండా నడిస్తే లోపలి కౌంటర్ నిండి విద్యుత్తు పోవచ్చని, మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టాలని దాని సారాంశం. సెకనులో నూరోవంతు చొప్పున లెక్కపెడితే 31 బిట్లు నిండటానికి పట్టేది కూడా దాదాపు 248 రోజులే.

లినక్స్ పెద్దలు ఈ ప్రమాదానికి ముందే ఒక మంచి ఉపాయం చేశారు. కెర్నల్ పాత కౌంటర్ అయిన జిఫీలు సున్నా నుంచి మొదలుకావు. బూట్ అయిన ఐదు నిమిషాలకే 32 బిట్లు నిండి తిరిగేలా మొదటి విలువ పెట్టారు. యాభై రోజుల తర్వాత పొలంలో కనిపించాల్సిన తప్పు ఐదు నిమిషాల్లో మీ బల్ల మీదే కనిపిస్తుంది. ఎంత ముందుచూపో చూడండి. పాత డ్రైవర్‌లో జిఫీలను నేరుగా పెద్దా చిన్నా అని పోల్చిన వరుసలు ఉంటే వెతికి తీసేయండి. దానికోసమే ఉన్న టైమ్ ఆఫ్టర్, టైమ్ బిఫోర్ మాక్రోలు తేడా తీసి, అది ధనమా రుణమా అని చూస్తాయి.

ఒక జిఫీ ఎంతసేపు అన్నది కూడా కెర్నల్‌ను ఎలా తయారుచేశారన్నదాని మీద ఆధారపడుతుంది. సెకనుకు నూరైతే పది మిల్లీసెకన్లు, 250 అయితే నాలుగు, వెయ్యి అయితే ఒకటి. జిఫీ అంకెను మిల్లీసెకన్లనుకుని వాడిన కోడు వెయ్యి ఉన్న బోర్డులో సరిగ్గా నడుస్తుంది, నూరున్న బోర్డులో పది రెట్లు ఆలస్యం చేస్తుంది. ఇక్కడ మీరు జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. కెర్నల్ రస్ట్ లైబ్రరీలో జిఫీలకూ, మిల్లీసెకన్లకూ పేర్లు ఉండటం చూసి అవి కాపాడతాయనుకోకండి. నేను చూసినప్పుడు అవి వట్టి మారుపేర్లు. మారుపేరు పెట్టినంత మాత్రాన కొత్త టైపు పుట్టదు. ఒకదాని చోట ఇంకొకటి ఇచ్చినా కంపైలర్ మాట్లాడదు.

సి భాషలో సరిగ్గా ఇదే జరిగింది. 2006లో వచ్చిన కెటైమ్ అనే కెర్నల్ సమయపు టైపు మొదట్లో యూనియన్, అంటే ఒకే చోటును వేర్వేరు రూపాల్లో చదవనిచ్చే కట్టడం. 32 బిట్ల యంత్రాల్లో సెకన్లు, నానోసెకన్లు విడివిడిగా దాచడానికి అలా చేశారు. దానివల్ల అనుకోని మేలు ఒకటి ఉండేది, వట్టి అంకెను కెటైమ్ చోట ఇస్తే కంపైలర్ ఒప్పుకునేది కాదు. 32 బిట్ల సెకన్ల లెక్క నిండిపోయే 2038 సమస్య కోసం చేసిన సవరణల్లో ఆ విడివిడి రూపం పోయింది. యూనియన్‌కు పనిలేకుండా పోయింది. 2016 చివరలో దాన్ని తీసేసి, ధన, రుణ గుర్తుతో కూడిన 64 బిట్ల నానోసెకన్ల అంకెకు మారుపేరుగా మిగిల్చారు. కోడు చదవడానికి హాయిగా మారిన మాట నిజమే. కానీ మీలాంటి డ్రైవర్ రచయితలు ఒక కాపలాదారును పోగొట్టుకున్నారని నా అభిప్రాయం. మీ సీనియర్ గారు సమయమంటే అంకే అనడం వెనక ఈ అలవాటుంది. ఆయన్ని తప్పుపట్టలేను.

ఇక వ్యవధి లోపల ఏముండాలి? మిల్లీసెకనుకు ఒక టైపు, మైక్రోసెకనుకు ఒక టైపు, సెకనుకు ఒకటి చేద్దామని మీకు అనిపిస్తుంది. వద్దమ్మా. అతి అనేది ఏదైనా ఉంటే అదే. టైపుల గుంపు పెరిగి, ఒకదాన్ని ఇంకొకటిగా మార్చే కోడే సగం అవుతుంది. లోపల ఎప్పుడూ నానోసెకన్లే ఉంచండి. కొలత పేరు లోపలికి వచ్చే గుమ్మం దగ్గరా, బయటికి పోయే గుమ్మం దగ్గరా ఉంటే చాలు: మిల్లీసెకన్ల నుంచి, మైక్రోసెకన్లుగా, ఇలా. మీ 15ను మిల్లీసెకన్ల నుంచి అనే గుమ్మంలోంచి పంపితే ఆ తర్వాత అది ఎక్కడికి వెళ్లినా 15 మిల్లీసెకన్లే. 63 బిట్ల నానోసెకన్లు నిండటానికి 292 ఏళ్లు పడుతుంది కాబట్టి చోటు చాలదన్న బెంగ లేదు. అదే 32 బిట్లలో పెడితే నాలుగు సెకన్లకే నిండుతుంది. బోర్డు 32 బిట్లది కదా అని పొదుపు చేయకండి.

ఆ బోర్డు 32 బిట్లది కావడం వల్ల వచ్చే చిక్కు వేరే ఉంది. 64 బిట్ల అంకెను భాగించాలంటే ఆ చిప్పులో కంపైలర్ ఒక సహాయ ఫంక్షన్‌ను పిలుస్తుంది. కెర్నల్‌లో అది ఉండదు. మీ ప్రోగ్రామ్ కంపైలై, ముక్కలను కలిపే లింకు దశ దగ్గర ఆగిపోతుంది. కెర్నల్ సొంత భాగహార ఫంక్షన్లనే వాడాలి. అందుకే భాగహారాన్ని బయటికి పోయే గుమ్మం దగ్గర మాత్రమే పెట్టండి, మిగతాచోట్ల గుణకారంతో, పోలికతో సరిపెట్టండి.

భాగిస్తే శేషం ఏం చేయాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. సెన్సరు కనీసం 1,500 నానోసెకన్లు ఆగమంటే మైక్రోసెకన్లుగా మార్చేటప్పుడు ఒకటి అనకూడదు, రెండు అనాలి. ఆగడానికి పనికొచ్చే మార్పిడి ఎప్పుడూ పైకే పోవాలి. కొలిచి చూపడానికైతే కిందికి పోయినా ఫర్వాలేదు. ఈ రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టండి, వాడేవారు ఏదో ఒకటి ఎంచుకోక తప్పని పరిస్థితి కల్పించండి. ఆగే పనికి కెర్నల్‌లోని ఎఫ్‌స్లీప్ ఫంక్షన్ మంచిది. వ్యవధిని బట్టి చిన్నదైతే అక్కడే తిరుగుతూ, పెద్దదైతే నిద్రపోయి గడుపుతుంది. ఎమ్‌స్లీప్ అనే ఇంకో ఫంక్షన్‌కు ఒక మిల్లీసెకను అని చెబితే ఇరవై దాకా పట్టవచ్చని కెర్నల్ పత్రాలే హెచ్చరిస్తాయి. అయితే నిద్రపోకూడని చోట, అంటే హార్డ్‌వేర్ పిలుపుకు వెంటనే బదులిచ్చే ఇంటరప్ట్ లోపల, ఇతరులను తిరుగుతూ కాచుకునేలా చేసే స్పిన్‌లాక్ పట్టుకుని ఉన్నప్పుడు, ఎఫ్‌స్లీప్ పిలవకూడదు. మీ వ్యవధి టైపు ఎంత చక్కగా ఉన్నా ఆ సంగతి మీకు చెప్పదు. అది మీరే చూసుకోవాలి.

హద్దు దాటే కూడికల గురించి ఒక మాట. రస్ట్‌లో మామూలు కూడిక హద్దు దాటితే ఏమవుతుందన్నది కెర్నల్ అమరికను బట్టి ఉంటుంది. తనిఖీ ఉంటే కెర్నల్ పానిక్ అవుతుంది, లేకపోతే అంకె చుట్టు తిరిగి రుణ సంఖ్య అవుతుంది. కెర్నల్‌లో పానిక్ అంటే ఒక ప్రోగ్రామ్ ఆగడం కాదు, బోర్డు మొత్తం ఆగడం. చుట్టు తిరగడమంటే ఎప్పటికీ రాకూడని గడువు వెంటనే రావడం. రెండూ వద్దు. గడువు లెక్కలో క్షణానికి వ్యవధి కలిపినప్పుడు హద్దు దాటితే హద్దు దగ్గరే నిలిచిపోవాలి, ఇక ఆ గడువు రాదని అర్థం. సిలో కెటైమ్ యాడ్ సేఫ్ అనే ఫంక్షన్ ఉద్దేశం ఇదే. మీ టైపులో అదే మామూలు పద్ధతి కావాలి. వ్యవధి రుణ సంఖ్య కావచ్చు, దాన్ని నిషేధించకండి. గడువు దాటి ఎంతసేపయిందో చెప్పేది అదే. కానీ ఆగమనే ఫంక్షన్‌కు రుణ వ్యవధి వస్తే సున్నాగా తీసుకుని, లాగ్‌లో ఒక హెచ్చరిక రాయించండి.

మీ సీనియర్ గారి దగ్గరికి వస్తాను. చిప్పులోని చిన్న గడి లాంటి రిజిస్టర్‌లోకి పోయేది వట్టి అంకే. పైనున్న అప్లికేషన్‌కు కెర్నల్ ఇచ్చేదీ వట్టి అంకే. అక్కడ టైపులు పనికిరావు. ఆయన అనుభవమంతా ఆ అంచుల్లో సంపాదించినది. కాబట్టి ఆ అంచులను ఒకే ఫైలులో పెట్టి, దాన్ని చూసిపెట్టమని ఆయన్నే అడగండి. రిజిస్టర్‌లో ఒక అంకె ఎన్ని మైక్రోసెకన్లో డేటాషీట్ చూసి నిర్ధారించడంలో ఆయనకంటే మేలైన కన్ను మీకు దొరకదు. భారం పెరుగుతుందన్న సందేహానికి వాదన వద్దు. వట్టి అంకెతో రాసిన ఫంక్షన్, టైపుతో రాసిన ఫంక్షన్ రెండూ కంపైల్ చేసి, చిప్పు ఆదేశాలను చూపించే ఆబ్జ్‌డంప్‌తో విప్పి పక్కపక్కన పెట్టండి. వ్యవధి కూడిక రెండింటిలోనూ ఒకే ఆదేశాలుగా వస్తుంది. హద్దు దగ్గర నిలిపే చోట మాత్రం కొన్ని ఆదేశాలు ఎక్కువ కనిపిస్తాయి. అవి ఎందుకో చెప్పండి, దాచకండి. ఆ తర్వాత మీ రెండు పాత తప్పులను కొత్త టైపులతో రాసి, కంపైలర్ వాటిని తిప్పికొట్టడం ఆయనకు చూపించండి. ఇరవై ఏళ్లు కెర్నల్ రాసిన మనిషికి ఆ రెండు ఎర్ర వరుసలు నా ఉత్తరం కంటే బాగా అర్థమవుతాయి.

పరీక్షించేటప్పుడు నెట్‌వర్క్ లేకుండా బోర్డును లేపి, మోటారును ఆపి, ఆ తర్వాతే నెట్‌వర్క్ ఇవ్వండి. తేదీని రెండు గంటలు వెనక్కి జరపండి, పదేళ్లు ముందుకు జరపండి. విరామం మధ్యలో సస్పెండ్ చేసి లేపండి. నాలుగుసార్లూ మోటారు సరిగ్గా తన వేళకే లేవాలి. చేతి గడియారం పెట్టుకుని కొలవండి, బోర్డు గడియారాన్ని నమ్మకండి. ఇవన్నీ సవ్యంగా ఉన్నా డబ్బాలో ఓవర్‌లోడ్ రిలే మాత్రం తీయవద్దు. ప్రోగ్రామ్ ఎంత బాగున్నా రిలే చేసే పని రిలేదే.

కొత్త డ్రైవర్‌కు నెలలు పడుతుంది. పాత సి డ్రైవర్ ఇప్పటికీ పొలాల్లో ఉంది, ఆ పదకొండు బోర్డులు ఇప్పటికీ ఆ ట్రాన్స్‌ఫార్మర్ కిందే ఉన్నాయి. రస్ట్ కోసం ఆగకండి. విరామం లెక్కలో రియల్‌టైమ్ చదివే రెండు చోట్లా బూట్‌టైమ్ చదవండి, సెన్సరు దగ్గర 15ను వెయ్యితో గుణించండి. సరిచేసిన ఆ డ్రైవర్‌ను ఈ వారమే ఆ బోర్డుల్లోకి ఎక్కించండి.